పదిహేడో అంశం

రోజు 212. వరుసలో 43.

గాలి ఫిల్టర్లు ఆరు కడిగాము. గాలిగది తలుపుకు రబ్బరు మార్చాము. దీపంలో నూనె పోసి వత్తి వేశాను. ఊరి మీది ఈ కప్పు కింద నిప్పు ముట్టించకూడదు కాబట్టి పూజ అంతవరకే.

భూమి నుంచి తీర్పు వచ్చింది. ఓడిపోయాము.

చిన్న చెల్లెలు హేమావతి చదివి వినిపించింది. ఎర్రమిట్ట మరమ్మతు శాలలో పనులను వరుసపెట్టే మా ప్రోగ్రాము త్వరిత సంస్థ వారి పేటెంటును అతిక్రమిస్తోందట. అప్పీలుకు ముప్పై రోజుల గడువు. అందులోనూ ఓడితే 250వ రోజున మా ప్రోగ్రామును చెరిపేసి వాళ్ళది పెట్టుకోవాలి.

వాళ్ళ వరుసలో వంతు వచ్చినవారు తొంభై సెకన్లలో పలకాలి. పలకకపోతే చివరికి పోతారు.

మా నడిమి చెల్లెలు నాగరత్న మంచుకోతలో పనిచేస్తుంది. లోయలో దిగితే రేడియో అందదు. అక్కడ పనిచేసే ముప్పై ఒక్కమందికీ ఊపిరితిత్తుల నిండా ఎర్ర ధూళి. ఛాతీకి కట్టుకున్న పంపు లేనిదే ఊపిరి ఆడదు. పంతొమ్మిది రోజులకొకసారి ఆ పంపును మేము విప్పి కడగాలి. వంతు వచ్చే వేళకు వాళ్ళెవరూ పలికే చోట ఉండరు.

పక్క ఊరు ఉప్పుగుంటలో త్వరిత వారి వరుసే నడుస్తోంది. అక్కడ వన్నూరప్ప అనే మంచుకోత మనిషి వంతు మూడుసార్లు చివరికి పోయింది. నాలుగోసారి పిలిచేసరికి ఆయన ప్రాణంతో లేడు.

సంగతి విని నాగరత్న నవ్వింది. "అంటే మంచు ఇడ్సిపెట్టి మీ వాకిట్లో కూర్చోవాల్నా? మరి నీళ్ళెవరు తెస్తారక్కా? వాళ్ళ పేటెంటు పిండుకోని తాగాల్నా?"

నవ్వాక చాలాసేపు దగ్గింది.

రోజు 213. వరుసలో 40.

తీర్పు మళ్ళీ చదివించుకున్నాను. ఓటమికి కారణం మేమే.

మా పద్ధతి పాతది. మొదట వచ్చినవారు ఈ శాల ముందు నిలబడి కాళ్ళు లాగితే ఒక చెప్పు అక్కడ వదిలి వెళ్ళేవారు. ముందున్నవారు, వెనకున్నవారు ఆ చెప్పును చూసుకునేవారు. పదకొండేళ్ళ కిందట హేమ దాన్నే ప్రోగ్రాముగా రాసింది. వంతు వచ్చినవారు పలకకపోతే అది వరుసలో ముందువారినీ వెనకవారినీ అడుగుతుంది. ఇద్దరూ "ఉండారు" అంటే చోటు ఆగుతుంది. ఈలోగా వెనక పనులు సాగుతాయి. మనిషి రాగానే తర్వాతి పని వారిదే.

పని పూర్తయ్యాక "ఉండారు" అన్నవారి పేర్లు చెరిగిపోతాయి. ఇది మొదటివాళ్ళు పెట్టిన కట్టుబాటు. చోటు కాచినవారి పేరు తెలిస్తే మొగమాటం. మొగమాటం ఉన్న చోట వరుస నిలవదు.

అందువల్ల పదకొండేళ్ళలో ఎవరు ఎవరికి చోటు కాచారో చెప్పడానికి ఒక్క గుర్తూ లేదు. త్వరిత వారు పేటెంటుకు దరఖాస్తు పెట్టింది నాలుగేళ్ళ కిందట. అంతకుముందే మేము వాడుతున్నామని చూపించలేకపోయాము. పెద్ద గాలిదుమారం వచ్చిన యేడు మా యంత్రం గడియారం సున్నాకు పోయింది, దాని తేదీలు చెల్లవన్నారు. ఊరివారి సాక్ష్యం సొంత సాక్ష్యమన్నారు. దీన్ని కనిపెట్టింది ఎవరని నన్ను అడిగారు. "మేమేం కనిపెట్టలేదండీ" అన్నాను. ఆ మాటను తీర్పులో ఎత్తి రాశారు.

"ఆ పొద్దు నువ్వు నోరు మూసుకోనింటే సరిపోతాండె అక్కా" అంది హేమ.

"అడిగినారు. నిజం చెప్పినా."

"నిజమే చెప్పినావులే. నాగక్క పంపు ఎవరు కడుగుతారిప్పుడు, నీ నిజమా?"

పేటెంటు కాగితం ఒక ప్రతి తీసి ఇమ్మన్నాను. ఇరవై రెండు అంశాలున్నాయి అందులో. రోజుకొకటి, పూజ అయ్యాక, పైకి చదువుకుంటానన్నాను.

హేమ నెత్తి కొట్టుకుంది. "అదేమన్నా స్తోత్రమా పారాయణం చేసేకి? నేను గంటలో చదివేసినా. మనదానికీ దానికీ కలిసేవి అయిదు. తక్కినదంతా ఊక."

మొదటి అంశం చదివాను. నాలుగు పంక్తులు. ఒక్కటే వాక్యం. అర్థం కావడానికి ఏడుసార్లు పట్టింది.

రోజు 219. వరుసలో 47.

సూట్లు మూడు అతికాము. ఎర్రిస్వామి మామ నీటి పొయ్యి ఈ నెలలో రెండోసారి వచ్చింది. మామకు డెబ్భై దాటాయి. పొయ్యి బాగుండగానే చెడగొట్టుకుని వస్తాడని మా అనుమానం. ఇంట్లో మాట్లాడేవారు లేరు.

"ఏమ్మే హేమా, భూమ్మీదోళ్ళకు చెప్పు చూపిచ్చినావంట, వాళ్ళు కోప్పడినారంట?"

"నీ పొయ్యి చూపిచ్చింటే ఇంకా కోప్పడుండురులే మామా."

"వాళ్ళా పద్ధతి వాడుకుంటాండారా?"

"లేదు. దాని వల్ల గంటకు అయ్యే పనులు తగ్గుతాయంట. పెట్టెలో పెట్టి తాళమేసినారు. ఇంకెవరూ వాడకుండా."

"గడ్డివాము కాడ కుక్క" అన్నాడు మామ. "పొయ్యి నిదానంగా చేయండి. నాకేం తొందరల్యా" అన్నాడు.

అప్పీలు దాఖలు చేశాము. ఏడో అంశం చదివాను.

రోజు 224. వరుసలో 51.

ధూళి ఎక్కువగా ఉంది. ఫిల్టర్లు పూటకు పన్నెండు కడుగుతున్నాము. నాగరత్న పంపు వంతు నిన్న వచ్చింది. ఆమె లోయలో ఉంది. చోటు ఆగింది. ఈరోజు మధ్యాహ్నం వచ్చింది, పంపు కడిగాము. లోపల పిడికెడు మట్టి.

పంపు విప్పి ఉన్న పావుగంట సేపు ఆమెకు గొట్టంతో గాలి పట్టాలి. మాట్లాడకూడదు. ఆ పావుగంటా నా చెయ్యి పట్టుకుని ఉంది. చిన్నప్పుడు కూడా ఇంత సేపు పట్టుకోలేదు.

పంపు బిగించగానే, "మీ అప్పీలు సంగతేమోగానీ, ఆ హేమను అన్నం తినమను. పుల్ల మాదిరి అయిపోయింది" అంది.

పన్నెండో అంశం.

రోజు 229. వరుసలో 44.

పదిహేడో అంశం చదివాను. రెండే పంక్తులు. "పైన చెప్పిన పద్ధతిలో, పని పూర్తి అయిన పిదప, స్థానమును ధ్రువీకరించిన ఇరుగుపొరుగు వినియోగదారుల వివరములు శాశ్వతముగా తొలగించబడును."

మూడుసార్లు చదివి ఆగిపోయాను.

హేమను పిలిచాను. "ఈ త్వరిత వాళ్ళు ఏమేం దాచి పెట్టుకుంటారు?"

"అన్నీ. మనిషి ఎన్ని సెకన్లకు పలికినాడు, ఎన్నిసార్లు తెర చూసినాడు, మూతి ఎప్పుడు ముడిచినాడు. చెరపడమనేది వాళ్ళ ఇంటా వంటా లేదు."

"ఇదొక్కటి ఎందుకు చెరుపుతారు?"

హేమ చూసింది. కాగితం నా చేతిలో నుంచి లాక్కుంది. నిలబడి చదివింది, కూర్చుని చదివింది.

"ఇది ఊక అనుకొని వదిలేస్తి గదక్కా."

"ఎందుకు చెరుపుతారో వాళ్ళకు తెలుసా?"

"తెలిసే దారే లేదు. మెషిన్‌కు దీంతో పనేం ల్యా. ఇది మనోళ్ళ మొగమాటం." కాగితం మీద వేలు పెట్టింది. "ఎవరో ఇక్కడికొచ్చి చూసి రాసుకున్నారక్కా. అర్థం కానిది గూడా అట్లే దించినారు."

ఎవరు వచ్చారో తెలియదు. వారి చోటు కాచిందెవరో అడుగుదామన్నా గుర్తు లేదు. మనమే చెరిపేశాము.

తక్కిన అయిదు అంశాలూ క్రమం తప్పకుండా చదువుతాను. మొదలుపెట్టింది మధ్యలో ఆపకూడదు.

రోజు 240. వరుసలో 46.

రేపు విచారణ. ఇక్కడి నుంచి భూమికి మాట చేరడానికి పద్నాలుగు నిమిషాలు, రావడానికి పద్నాలుగు. అందుకని ఒక్కో పక్షానికి ఇరవై నిమిషాల విడతలు రెండే ఇచ్చారు. మొదటి విడత హేమ మాట్లాడుతుంది. రెండోది నేను అడుగుతానన్నాను. పేటెంటులో పేరున్న ఆవిష్కర్త విచారణలో కూర్చోవాలని నియమం. ఆయన పేరు ఉదయన్.

"ఆయప్పను ఏమడుగుతావు?" అంది హేమ.

చెప్పాను.

"రాలేదంటే?"

"రాలేదంటే రాలేదు."

"అక్కా, వకీళ్ళు జవాబు తెలియని ప్రశ్న అడగరు."

"నేను వకీలు కాదు గదా."

రోజు 241. వరుసలో 46.

శాల ఉదయం మూశాము. పదకొండేళ్ళలో మొదటిసారి. అయినా వరుసలో ఉన్నవారంతా వచ్చి నేల మీద కూర్చున్నారు. ఎర్రిస్వామి మామ ముందు వరుసలో. నాగరత్న లోయ నుంచి రాలేదు. వాళ్ళకు ఈ వారం మంచు లెక్క పూర్తి కావాలి.

తెర మీద ముగ్గురు సభ్యుల మండలి. మధ్యలో అధ్యక్షురాలు, నెరిసిన జుట్టు, నా ఈడు ఉంటుంది.

హేమ పద్దెనిమిది నిమిషాలు మాట్లాడింది. బాగా మాట్లాడింది. పదకొండేళ్ళ కిందటి రాత, దాని అమరిక, అన్నీ చెప్పింది. మాట పంపి ఎదురు చూశాము. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఇంకెందుకక్కా మొక్కుతావు? అక్కడ ఎప్పుడో విని, అనేది కూడా అనేసింటారు" అంది హేమ.

"నాకింకా కాలేదు."

జవాబు వచ్చింది. త్వరిత వారి వకీలు లేచాడు. "ఆధారం చూపమంటే చెరిపేశామంటారు. చాలా సౌకర్యమైన అలవాటు. రేపు మీ ఇల్లు నాదని, కాగితాలు చెరిపేశానని నేనూ అనవచ్చు." అక్కడ ఎవరో నవ్వారు. అధ్యక్షురాలు నవ్వలేదు. మా వైపు చూసి, "మీకు ఒక్క విడత మిగిలింది. తేదీ ఉన్న ఆధారం ఏదైనా ఉంటే చూపండి" అంది.

లేచాను. రాసుకున్నది లేదు.

"అమ్మా, తేదీ ఉన్న ఆధారం మా దగ్గర లేదు. ఉదయన్ గారిని ఒకటి అడుగుతాను. అయ్యా, పదిహేడో అంశంలో చోటు కాచినవారి పేర్లు చెరిపేయాలని రాశారు. ఎందుకు? మేమెందుకు చెరుపుతామో చెబుతాను. పేరు తెలిస్తే మొగమాటం పుడుతుంది. నాకు చోటు కాచినామెను నేను రేపు వరుసలో ముందుకు తోస్తాను. అప్పుడది వరుస కాదు. మీ కారణం కూడా చెప్పండి. మీరు ఎప్పుడైనా ఎర్రమిట్టకు వచ్చి మా వరుసలో నిలబడ్డారా? నిలబడలేదంటే నమ్ముతాను."

కూర్చున్నాను. నిమిషం కూడా పట్టలేదు. పంతొమ్మిది నిమిషాలు మిగిలిపోయాయని హేమ తల పట్టుకుంది.

ఇరవై ఎనిమిది నిమిషాలు. ఎవరూ లేవలేదు. మామ పక్కన కూర్చున్నామె బిడ్డకు పాలు పట్టింది. బయట ధూళి కప్పును గీరుతోంది.

తెర కదిలింది. వకీలు అప్పటికే నిలబడి ఉన్నాడు. "ఇది అసంబద్ధం. సాంకేతిక కారణం స్పష్టం, యంత్రంలో జాగా ఆదా..."

"కూర్చోండి" అంది అధ్యక్షురాలు. "ప్రశ్న మిమ్మల్ని కాదు."

ఉదయన్ సన్నగా ఉన్నాడు. నలభై ఉండవచ్చు. కాగితాలు చూడలేదు. నేరుగా మా వైపు, పద్నాలుగు నిమిషాల అవతలికి చూశాడు.

"జాగా కోసం కాదు" అన్నాడు. "రెండు పేర్లకు జాగా ఎంత పడుతుంది."

వకీలు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆయన విడిపించుకున్నాడు.

"వచ్చాను. ఆరేళ్ళయింది. మా బండి పాడై ఎర్రమిట్టలో ఆగాం. మీ వరుసలో నాలుగు రోజులున్నాను. రెండో రోజు జ్వరం వచ్చి పడిపోయాను. లేచేసరికి వంతు దాటిపోయి ఉంటుందనుకున్నాను. దాటలేదు. ఎవరు ఆపారో తెలుసుకుని దణ్ణం పెడదామని తెర చూశాను. పేర్లు లేవు. అది పద్ధతిలో ఒక మెట్టు కాబోలనుకుని, అన్నిటితో పాటు అదీ రాసుకున్నాను. ఆ మెట్టు ఎందుకో నాకు ఈరోజే తెలిసింది."

హేమ తెర వైపు ముందుకు జరిగింది.

అధ్యక్షురాలు అడిగింది: "అయితే ఈ ఇరవై రెండు అంశాల్లో మీరు కనిపెట్టినవి ఎన్ని?"

"పద్ధతిలో ఏదీ లేదమ్మా. తెర మీది రంగులు నావి."

హేమ రెండు చేతులతో నోరు మూసుకుంది. మామ లేచి, తెర దగ్గరికి వెళ్ళి, ఆ ఉదయన్ మొహం మీద అరచెయ్యి పెట్టాడు. దిష్టి తీసినట్టు తీసి వేళ్ళు విరిచాడు.

"వీనికి జొరమొచ్చిన పొద్దు గంజి పోసినోళ్ళెవరో గానీ, మంచోళ్ళు" అన్నాడు.

ఎవరూ నేనని అనలేదు.

రోజు 242. వరుసలో 58.

నిన్న మూసినందువల్ల వరుస పెరిగింది. తీర్పు రిజర్వులో ఉంది. పంపులు నాలుగు, ఫిల్టర్లు పది.

రోజు 247. వరుసలో 49.

ఉదయం తొమ్మిదింటికి తీర్పు వచ్చింది.

కింది తీర్పు రద్దు. పేటెంటు ఇరవై రెండు అంశాలతో సహా రద్దు. "తాను ప్రయోజనమెరుగని నియమమును సైతము అనుసరించినవాడు దానిని కనిపెట్టినవాడు కాజాలడు" అని మండలి రాసింది. ఇంకొక మాట కూడా ఉంది. నేను కింది విచారణలో చెప్పిన "మేమేం కనిపెట్టలేదు" అన్న మాటను మళ్ళీ ఎత్తి, "ఆ పద్ధతి దరఖాస్తుకు ఎంతో పూర్వమే ఊరి వాడుకలో ఉన్నదనుటకు ఇదియే మొదటి సాక్ష్యము. కింది న్యాయాధికారి దీనిని తలక్రిందులుగా చదివినారు" అని రాసింది.

హేమ ఆ వాక్యం చదివి నన్ను కౌగిలించుకుంది. గ్రీజు చేతులతోనే. నా తెల్ల చీర వీపు మీద పది వేళ్ళూ పడ్డాయి. ఉతకను.

ఎవరో రెంచీతో గాలిగొట్టం మీద కొట్టారు. ఇంకొకరు కొట్టారు. కాసేపట్లో ఊరంతా గొట్టాలు మోగాయి. గాలి పీడనం తగ్గిందేమోనని కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చారు. సంగతి తెలిసి వాళ్ళూ కొట్టారు. గొట్టం ఒకటి పగిలింది. వరుసలో 50.

సాయంత్రం నాగరత్న వచ్చింది. గాలిగదిలో ఉండగానే అద్దంలో నుంచి హేమ మొహం చూసి సంగతి తెలుసుకుంది. లోపలి తలుపు తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలూ అవతల ఆమె, ఇవతల హేమ, అద్దానికి నుదుళ్ళు ఆనించి నిలబడ్డారు.

లోపలికి రాగానే, "సరేలే, ఇంక నీళ్ళు తాగండి ధైర్యంగా" అంది.

నేను చాలా రోజుల తరువాత పైకి నవ్వాను. ఎంతగా అంటే మామ తన పొయ్యి వదిలి చూడటానికి వచ్చాడు.

రోజు 248. వరుసలో 45.

తీర్పుతో పాటు ఒక పత్రం వచ్చింది. ఆ పద్ధతికి కొత్తగా మా పేర పేటెంటు కావాలంటే పది రోజుల్లో ఆవిష్కర్త పేరు రాసి పంపాలట.

శాలలో వాదన జరిగింది.

"హేమ పేరు రాయండి, రాసింది ఆ పిల్లే గదా" అన్నారు కొందరు. హేమకు నలభై ఒకటి. పిల్ల అన్నందుకు సంతోషించింది, పేరుకు ఒప్పుకోలేదు.

"నా పేరు రాయి చౌడక్కా" అన్నాడు మామ. "ఫస్టు చెప్పు పెట్టింది నేనే."

"నీ చెప్పు కాదు మామా, మా నాయనది" అని ఒకామె లేచింది.

"మీ నాయన నా చెప్పేసుకొని తిరుగుతాండె!"

నవ్వులు ఆగాక నాగరత్న నా వైపు చూసింది. "అక్కా, పేటెంటు మన పేర పెడితే ఉప్పుగుంట వాళ్ళు మనల్ని అడగాల. అడిగినారంటే మొగమాటమే."

పత్రం తీసుకున్నాను. ఆవిష్కర్త గడిలో గీత గీశాను. కింద ఇలా రాశాను: ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరినీ అడగనక్కరలేదు. ప్రోగ్రాము మొత్తం రాత దీనితో జతపరిచాము.

హేమ పంపింది. పద్నాలుగు నిమిషాలకు భూమికి చేరి ఉంటుంది. సాయంత్రం అయిదింటికల్లా చుట్టుపక్కల నాలుగు ఊళ్ళు ఆ రాతను దించుకున్నాయి. చీకటి పడకముందే పదకొండు.

రోజు 250. వరుసలో 41.

చెరిపేయవలసిన రోజు ఇది. ఫిల్టర్లు ఆరు కడిగాము. పగిలిన గొట్టం అతికాము.

మధ్యాహ్నం ఉప్పుగుంట నుంచి రేడియో పలికింది. వన్నూరప్ప భార్య కంబమ్మ. అక్కడి మరమ్మతు శాలలో ఇక వరుస చూసేది తానేనంది. త్వరిత వారిది పొద్దునే తీసేశారట. మన రాత పెట్టుకున్నారట. మొదటి పిలుపు వేయబోతున్నాను, భయంగా ఉంది, మీరు వింటూ ఉండండి అంది.

శాలలో అందరూ చేతిలో పని ఆపారు.

ఆమె ఒక మంచుకోత మనిషి పేరు పిలిచింది. పలుకు లేదు. ఆయన లోయలో ఉన్నాడు. ఉప్పుగుంటలో ఇన్నేళ్ళూ ఇలా పలుకు రాకపోతే పేరు చివరికి పోయేది. ఇప్పుడు తెర ముందువారినీ వెనకవారినీ అడిగింది. అక్కడివాళ్ళకు ఇది కొత్త. ఎవరూ మాట్లాడలేదు. కంబమ్మ ఊపిరి మాకు వినబడుతోంది.

"చెప్పండప్పా" అంది నాగరత్న, రేడియో నొక్కకుండానే.

అప్పుడు అవతల ఒక మగ గొంతు, కొంచెం సిగ్గుగా: "ఉండారు."

వెంటనే ఒక ఆడ గొంతు, గట్టిగా: "ఉండారు! ఉండారు!"

కంబమ్మ ముక్కు చీదుకుని, లెక్క చెప్పింది. నేను రాసుకున్నాను.

ఉప్పుగుంట వరుసలో 57. చివరికి పోయినవారు లేరు.